గుద్దని బండి

"మిమ్మల్ని గుద్దిన బండి ఇదేనా?" ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఫొటో చూపించి అడిగాడు.

సాబిర్ ఫొటో వంక చూశాడు. పాలక్యాన్లు తగిలించే కొక్కేలున్న ఆ మోటార్ సైకిల్ ఆయనకు కొత్తేమీ కాదు. పక్కింటి మహిపాల్‌ది.

"ఇదే సార్" అన్నాడు.

గద్వాల కోర్టులో ఆ పూట జనం పలచగా ఉన్నారు. సాబిర్ చంకకర్రను బోనుకు ఆనించి మంచి కాలి మీద నిలబడ్డాడు. రెండో కాలు ఉందంటే ఉంది, లేదంటే లేదు. బీచుపల్లి దాటాక హైవే మీద బస్సు దిగి, మసక చీకట్లో రోడ్డు దాటుతుంటే పక్కనుంచి ఏదో బండి వచ్చి కొట్టింది. కళ్లు తెరిచేసరికి దవాఖానలో ఉన్నాడు. ఏ బండో తెలియదు, నడిపినవాడెవడో తెలియదు. పోలీసులు 'గుర్తు తెలియని వాహనం' అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. మిషను తొక్కి బతికే దర్జీకి కాలు పోయాక ఇంకేముంది? ఇంట్లో మిషను మీద గుడ్డ కప్పి ఏడాది దాటింది. ఇంకో ఆపరేషన్ చేస్తే కాలు మళ్లీ పనికొస్తుందని డాక్టర్ అన్నాడు. అన్నంత తేలికా?

గుర్తు తెలియని బండి గుద్దితే సర్కారు ఇచ్చేది మందులకే చాలదని, అదీ ఎప్పుడొస్తుందో పైవాడికే తెలియాలని సాబిర్ వకీలు శివకుమార్ తేల్చేశాడు. బండి నంబరు కావాలి, ఆ బండికి ఇన్సూరెన్స్ ఉండాలి, అప్పుడే కేసు నిలబడుతుందట. దగ్గరివాళ్లెవరిదైనా బండి పెట్టించండి, లోకంలో మీరే మొదటివాళ్లు కాదులే అని మెల్లగా చెవిన వేశాడు. కానీ చేయని తప్పు నెత్తికెత్తుకోమంటే ఎవడొస్తాడు? సొంత బామ్మర్ది ఫోన్ ఎత్తడమే మానేశాడు.

మహిపాల్ వచ్చాడు. అడక్కముందే వచ్చాడు. ఇన్సూరెన్స్ కాగితం తెచ్చి వకీలు చేతిలో పెట్టి, నా బండే గుద్దిందని రాయండి, జుర్మానా పడితే నేనే కట్టుకుంటానన్నాడు. పోలీసుల ముందూ అదే మాట ఒప్పుకున్నాడు. అంతకుముందు దవాఖానలో నెల రోజులు సాబిర్‌ను ఎత్తి కూర్చోబెట్టిందీ, ఒంటికీ రెంటికీ చూసుకుందీ ఆయనే. ఈ రోజుల్లో తోడబుట్టినవాళ్లయినా చేస్తారా అంత?

కంపెనీ వకీలు ఊరికే వదిలే రకం కాదు. అటూ ఇటూ చూసుకోలేదా అని ఒకసారి, దాటకూడని చోట ఎందుకు దాటారని ఒకసారి గుచ్చాడు. బస్సు దింపింది ఇవతల, పోవాల్సిన ఊరు అవతల, ఎగిరిపోదామంటే రెక్కల్లేవని సాబిర్ చెప్పుకున్నాడు. అది జడ్జి రాసుకున్నాడో లేదో తెలియదు. అప్పుడా వకీలు, వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్న మహిపాల్ వైపు వేలు చూపించాడు.

"అంటే ఈ మనిషి మిమ్మల్ని గుద్ది, రక్తం కారుతుంటే రోడ్డు మీదే వదిలేసి పారిపోయాడు. పక్కింటివాడై ఉండి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. అవునా, కాదా? ఆయన మొహం చూసి చెప్పండి."

సాబిర్ చూశాడు. మహిపాల్ మొహం చెమటతో తడిసిపోయింది. అవునంటే అయిపోతుంది. ఆపరేషన్ అవుతుంది, మిషను మీద గుడ్డ తీయొచ్చు. శివకుమార్ అనమన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు. సాబిర్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. బండి గుద్దిందనడం వేరు. చావనీ అని వదిలేసి పోయాడనడం వేరు. తన కాలి కోసం అంత మంచి మనిషిని నలుగురిలో రాక్షసుణ్ని చేయాలా?

"కాదు సార్" అన్నాడు. "గాయన గసువంటోడు కాదు. నన్ను గుద్దింది ఏ బండో నాకు తెల్వదు. కేసు నిలబడాలని గిట్ల రాపిచ్చినం. మహిపాల్ నన్ను రోడ్డు మీద ఇడిసిపెట్టి పోయెటోడు కాదు సార్, అల్లా మీద ఒట్టు."

శివకుమార్ ఫైలు మూసేశాడు. జడ్జి ఆ మాటలన్నీ రాయించి, దొంగ కేసుకు జైలుకు పంపొచ్చని, కాలు చూసి ఊరుకుంటున్నానని గట్టిగా చీవాట్లు పెట్టాడు. వరండాలోకి రాగానే శివకుమార్, కేసు పోయినట్టే, ఇక నా దగ్గరికి రావొద్దని చెప్పి వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు. నోటికాడి ముద్ద నేలపాలైందంటారే, అచ్చంగా అదే అయింది.

కోర్టు బయట జిరాక్స్ దుకాణం ముందు బల్ల మీద ఇద్దరూ కూలబడ్డారు. సాబిర్ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇక ఈ జన్మకు కాలు ఇంతే, మిషను అమ్ముకోవడమే అన్నాడు. మహిపాల్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తన కోసమే ఇంత బాధపడుతున్నాడని సాబిర్‌కు ఇంకా జాలేసింది. భుజం మీద చేయి వేశాడు.

"పరేషాన్ గాకు మహిపాల్. పోతే పోనీ. ఆఖరుకన్న నిజం చెప్పిన, నీ మీద మచ్చ పడనియ్యలే. నాకు గది సాలు."

మహిపాల్ చేతులు తీశాడు.

"నువ్వు మొదట చెప్పిందే నిజం సాబిర్ భాయ్. గా పొద్దు నిన్ను గుద్ది ఉరికింది నేనే."