అత్తగారి కోటు

"ఆ కోటు బయటే వదిలి రండి అత్తయ్యా" అంది షియోరి, ఆసుపత్రి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

అప్పుడే బస్సు దిగి వచ్చిన కినుయే కోటు విప్పి, బయట గొడుగుల స్టాండుకు తగిలించింది. ఫిబ్రవరి చలికి డెబ్బై ఏళ్ల ఒళ్లు జివ్వుమంది. యాచిమాత అనే ఊళ్లో వేరుశనగ పండించే ఇల్లు ఆమెది. ఆ దుమ్ము అత్తగారి గోళ్లలో కూడా ఉంటుందని కోడలి నమ్మకం. నాలుగేళ్ల కొతోహా నానమ్మ ఇంట్లో పడుకున్న మూడుసార్లూ తెల్లారేసరికి ఒళ్లంతా దద్దుర్లు, ఆగని దగ్గు.

నర్సు అప్పటికే పాప వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీసుకువెళ్లింది. ఏది పడుతుందో ఏది పడదో అరగంటలో చెప్పేస్తారట.

"వేరుశనగ అని తేలితే పాప ఇంక ఆ గడప తొక్కదు అత్తయ్యా. మీ అబ్బాయికి కూడా చెప్పేశాను."

"అలా తేలితే ఈ ఏడు విత్తనమే వెయ్యను. నలభై ఏళ్లు వేశాను, చాలు. పొలం ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను. పిల్లని మాత్రం ఆపకమ్మా."

కినుయే సంచిలోంచి కుందేలు బొమ్మల దిండు తీసి, దూరం నుంచే చాపింది. నానమ్మ ఇంట్లో పాప వేసుకునే దిండు అది. తల పెడితే గరగరలాడుతుందని దానికి ప్రాణం. సూదికి భయపడి ఏడుస్తుందేమోనని తెచ్చానంది. షియోరి దాన్ని తిప్పి తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. సరేనని బెంచీ మీద పడుకున్న పాప తల కింద పెట్టింది.

పది నిమిషాలైనా కాలేదు, పాప కళ్లు నలపడం మొదలుపెట్టింది. తర్వాత మెడ గోక్కుంది. తర్వాత దగ్గు.

కాస్త దూరంగా కూర్చోమంది షియోరి. కినుయే బెంచీ చివరికి జరిగింది. దగ్గు తగ్గలేదు. వరండా చివర, కూల్‌డ్రింకుల మిషన్ పక్కకి పొమ్మంది. వెళ్లింది. దగ్గు ఇంకా ఎక్కువైంది. నర్సు వచ్చి ఛాతీ విని, ఊపిరి బాగానే ఆడుతోంది, కనిపెట్టుకుని ఉండండని చెప్పి వెళ్లింది. షియోరికి కాళ్లు ఒకచోట నిలవడం లేదు. చెడ్డ మనిషి కాదు, కానీ మూడు రాత్రులు పిల్ల ఊపిరి వింటూ కూర్చున్న తల్లి.

"మీరు బయట నిలబడండి అత్తయ్యా. కోటు మాత్రం వేసుకోకండి."

ముసలావిడ అద్దాల తలుపు అవతలికి వెళ్లి, చేతులు రుద్దుకుంటూ లోపలికే చూస్తూ నిలబడింది.

ఎట్టకేలకు డాక్టర్ ఉసామి పిలిచాడు. షియోరి పాపనీ దిండునీ కలిపి ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

"వేరుశనగ సున్నా" అన్నాడాయన.

షియోరి ఇంకోసారి చెప్పించుకుంది. ఆ మాట సంతోషమో సిగ్గో ఆమెకే తెలియలేదు. బయట చలిలో వణుకుతున్న మనిషిని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని లోపలికి పిలవాలి?

"కానీ ఇంకోటి ఉంది" అంటూ డాక్టర్ కాగితం మీద వేలు పెట్టాడు. "సోబా. నూడుల్స్ పిండి ఆడించే గింజ. అంకె ఒక్కటే చూసి చెప్పను గానీ, ఈ దద్దుర్లూ దగ్గూ కలిపి చూస్తే ఇదే."

"ఆ నూడుల్స్ మా ఇంట్లో వండం. అత్తయ్య కూడా వండరు."

"తినక్కర్లేదండీ. ఆ గింజల దుమ్ము పీల్చినా చాలు. నానమ్మగారింట్లో రాత్రంతా పాప ముఖానికి తగిలేది ఏమైనా ఉందా?"

కొతోహా దగ్గుతూ దిండుని ముఖానికి హత్తుకుంది. గరగరమంది.

షియోరి పాపని డాక్టర్ దగ్గరే వదిలి, దిండు లాక్కుని పరిగెత్తింది. అద్దాల తలుపు తోసింది. కినుయే పెదాలు నీలంగా ఉన్నాయి.

"అత్తయ్యా, దీంట్లో ఏం పోశారు?"

మళ్లీ తప్పు తన మీదకే వచ్చిందనుకుంది ముసలావిడ.

"దానికి వేరుశనగ గాలి కూడా సోకలేదమ్మా" అంది గబగబా. "పాప తల పెట్టేముందు ప్రతిసారీ పాతదంతా పారబోసి, కొత్త సోబా పొట్టు నా చేత్తో నింపుతున్నాను."