జాగీర్దారుకు సున్నం తక్కువైంది

జాగీర్దారుకు విషం పెట్టింది మారెమ్మేనని పోలీసు పటేల్ బుచ్చయ్య పొద్దున్నే తేల్చేశాడు. సాక్ష్యం అక్కర్లేదు. ఊళ్లో ఏ నేరం జరిగినా తేల్చేది ఆయనే. ఆయన తేల్చాక సాక్ష్యంతో పనేముంది?

జాగీర్దారంటే మనిషి కాదు. కిందటేడు పటేల్ హైదరాబాదు నుంచి బుట్టలో పెట్టుకుని తెచ్చిన సీమ పంది. పేరుకే పంది, చూడ్డానికి చెవులు కత్తిరించిన కుందేలు పిల్లలా ఉంటుంది. పని చేయదు, పొద్దస్తమానం తింటుంది, ఎవరైనా దగ్గరికొస్తే కీచుమంటుంది. ఆ లక్షణాలు చూసే పటేల్ దానికి ఆ పేరు పెట్టాడు. సంగతి అసలు జాగీర్దార్ల చెవిన ఇంకా పడలేదు.

నాలుగు రోజులుగా అది ఉచ్చ పోసేటప్పుడల్లా అరుస్తోంది. పోసింది సున్నం కలిపిన నీళ్లలా తెల్లగా ఉంటోంది. ఆ పొద్దున అందులో నెత్తురు చుక్క కనిపించింది.

"ఏం పెట్టినవే దానికి?" అన్నాడు పటేల్, కొట్టంలో పేడ తీస్తున్న మారెమ్మ ముందు నిలబడి. వెట్టి చాకిరీలో భాగంగా దానికి మేత వేసేది ఆమే.

"గడ్డే ఏసిన, పటేలా. నీ కాళ్లు మొక్కుత."

ఆమెకు అయిదో నెల. పటేల్ చింత బరిగె ఎత్తేలోగా భార్య సుగుణమ్మ అడ్డొచ్చింది.

"దీన్ని కొడితె గది బతుకుతదా? పశువుల దవాఖాన నుంచి ఏసోబును పిలిపియ్యుండ్రి. రోగమో విషమో ఆయన చెప్తడు."

ఆ ఇంట్లో సుగుణమ్మ మాట చెల్లడం అరుదు. పాలు, గింజలు, నూనె అన్నీ పటేలే కొలిచి ఇస్తాడు. కొట్టుగది తాళాలు ఆయన మొలకే ఉంటాయి. అయినా జాగీర్దారు ప్రాణం కోసం ఆ రోజు విన్నాడు.

ఏసోబు మక్తల్‌లో కంపౌండరు. మారెమ్మ ఉండే వాడలోనే పుట్టి, మిషన్ బడిలో చదువుకున్నాడు. జాగీర్దారు పటేల్ మంచం పక్కన పడుకోవచ్చు గానీ ఏసోబు ఆ ఇంటి గడప దాటకూడదు. అందుకని రోగినే వాకిట్లోకి తెచ్చారు. ఏసోబు దాని పొట్ట నొక్కి చూశాడు. పళ్లు చూశాడు.

"విషం గాదు, పటేలా. ఒంట్ల సున్నం తక్కువైంది. దినాం అద్దసేరు పాలు, తైదల జావ, నువ్వుల ముద్ద పెట్టాలె. అలవాటైన చెయ్యితోనే, కొట్టంల, పక్కన ఎవ్వరు లేకుంట. లేకుంటె బెదిరి ముట్టది."

"గడ్డి తినే జీవికి పాలేందిరా?"

"సీమది గద, పటేలా. సీమ దొరలు గూడ ముసలయ్యేదాంక పాలు తాగుతరు."

ఒక ఇంజనీరు దొర చాయలో పాలు పోసుకోవడం పటేల్ కళ్లారా చూశాడు. నమ్మాడు.

ఆ రోజు నుంచి ఆయనే పాలు కొలిచి, మారెమ్మ పట్టిన గిన్నెలోకి ఎత్తి పోసేవాడు. పది రోజులకు అరుపులు తగ్గాయి. నెల తిరిగేసరికి జాగీర్దారు ఉచ్చ తేటబడింది. పటేల్ మురిసిపోయాడు. కానీ పోలీసు పటేల్ గుణం ఊరికే ఉండనివ్వదు. ఒక పొద్దున గడ్డివాము వెనక నక్కి చూశాడు.

జాగీర్దారు గరిక నములుతోంది. దాని ముందు రెండు దోసకాయ ముక్కలున్నాయి. మారెమ్మ పాలగిన్నె ఎత్తి గటగట తాగింది. నువ్వుల ముద్ద నోట్లో వేసుకుంది. రాగిజావ గిన్నె వేలితో తుడిచి నాకింది.

"దొరికినవే, దొంగదానా."

మారెమ్మ పారిపోలేదు. గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుంది.

"ఇద్దరు పుట్టి పోయిండ్రు, పటేలా. నీ ఒంట్ల సున్నం లేదు, పాలు తాగు అన్నది మిషన్ దవాఖాన డాక్టరమ్మ. నాకు పాలు యాడియి? కొడితె వీపు మీద కొట్టు. కడుపు మీద వద్దు."

బరిగె లేచింది గానీ దిగలేదు. పటేల్‌కు ఒక అనుమానం అడ్డొచ్చింది. మందంతా ఇది తింటే రోగం దానికెలా తగ్గింది?

మళ్లీ ఏసోబును పిలిపించారు. సంగతంతా విని, జాగీర్దారు పొట్ట ఇంకోసారి నొక్కి చూసి, అతను తల దించుకున్నాడు.

"తప్పు నాదే, పటేలా. దీనికి సున్నం తక్కువ గాలె, ఎక్కువైంది. ఎక్కువైతె ఉచ్చసంచిల రాయి కడతది. ఆ పాలు, ఆ నువ్వులు గిది తిని ఉంటె, గీపాటికి బొంద పెడుతుంటిమి. మారెమ్మ తినబట్టి బతికింది."

పటేల్ ఎన్నడూ ఒక వెట్టిమనిషికి రుణపడలేదు. ఎలా పడాలో తెలియక కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"మరి ఇగ పాలు బంజెయ్యాల్నా?"

"ఒక్కపారే బంజేస్తె ఆమె చెయ్యి వాసన మారుతది. జాగీర్దారు బెదురుతడు. కాన్పయ్యేదాంక నడువనీయుండ్రి."

జాగీర్దారు కోసం పటేల్ సరేనన్నాడు.

మారెమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఏడుపు ఊరవతలికి వినిపిస్తోందని మంత్రసాని పుల్లమ్మ వచ్చి చెప్పింది. మరో వారానికి ఏసోబు పటేల్ ఎద్దు గిట్ట చూడ్డానికి వచ్చాడు. ఎండన పడి వచ్చిన మనిషికి సుగుణమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, దోసిట్లోకి ఎత్తి పోసింది. పటేల్ దూరంగా అరుగు మీద కూర్చుని జాగీర్దారు వీపు నిమురుతున్నాడు.

సుగుణమ్మ నీళ్లు పోస్తూనే గొంతు తగ్గించింది.

"ఏసోబూ, చేను పనికొచ్చే నాగులమ్మకు గూడ మూడో నెలంట. పోయినపారి నువ్వు చెప్పినట్టు ఇరవై దినాలు చాటుంగ మునగాకు మేపితెగాని జాగీర్దారుకు రోగం తగులలె. ఈపారి జర జల్ది తగిలే ఆకేదన్న ఉంటె చెప్పు."