బుధవారం బిళ్ళ

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. పోస్టుకార్డు కొనేశాను గనక రాస్తున్నాను.

అరవై రెండు, చైనా యుద్ధం. జువ్వలదిన్నె తీరంలో నేను గస్తీ కానిస్టేబుల్‌ని. (చైనావాడు ఇటు ఎలా వస్తాడని అడక్కండి, మేమూ అడగలేదు.) దక్షిణం నుంచి నేనూ, ఉత్తరం నుంచి నా జోడీ, సమాధానం అనే కానిస్టేబులూ రోజూ నడిచి, సరుగుడు తోపులో కలుసుకుని, ఆ రోజు పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళలు మార్చుకోవాలి. ఎదుటివాడి బిళ్ళ ఠాణాలో ఇస్తేనే నడిచినట్టు. మేము తెలివిమీరి, వారానికి సరిపడా బిళ్ళలు సోమవారమే మార్చేసుకునేవాళ్ళం.

గురువారం పొద్దున ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచాడు. "సమాధానం మంగళవారం నించి ఇంటికి రాలేదంట. నిన్న అతని బుధవారం బిళ్ళ తెచ్చిచ్చినావు, కనిపించినాడు గదా?"

లేదంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. "కనిపించినాడు సార్."

"అట్టయితే యాడికో ఊరికి పోయుంటాడు. వెతికే పన్లేదు."

కూర్చోలేకపోయాను. తోపుకి పరిగెత్తాను. కాలు విరిగి, నాలుక ఎండి, ఇసుక గుంటలో పడి ఉన్నాడు సమాధానం.

"బిళ్ళలు మార్చుకున్నాం గదరా, ఎందుకొచ్చినావు?"

"ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదన్నా. నేను రోజూ వస్తానే ఉండా. నువ్వు ఒక్కనాడన్నా వస్తావని చూసినా."

భుజాన వేసుకుని ఠాణాకి తెచ్చాను. బుధవారం ఇతన్ని చూడలేదని ఇన్‌స్పెక్టరుతో చెప్పాను. బెల్టు విప్పి బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాను.