కొసన నల్లమచ్చ

మధ్యాహ్నంలోగా డాక్టర్ బుర్మకాన్ చేయాల్సిన పనులు: గొర్రెలకాపరి ఇశెన్‌కుల్ గుండె ఫొటోల మీద సంతకాలు పెట్టాలి. ఇశెన్‌కుల్‌కి ఇక గుర్రం ఎక్కొద్దని చెప్పాలి. ఆయన భార్య ఏడిస్తే ఓదార్చాలి. ఆ ఫొటోలు తీసే కెమెరా చూసుకోడానికి కొత్తగా చేరిన ఫిజిక్స్ అమ్మాయి కీయల్ నోరు మూయించాలి. ఆ చివరిది తెమిలితే తప్ప మిగతావి కదిలేలా లేవు.

"సంతకం పెట్టకండి ఎజే," అంది కీయల్, పెద్దక్కని పిలిచినట్టు పిలిచి, బల్లకి అడ్డంగా నిలబడి.

"మళ్లీ మొదలెట్టావా తల్లీ! గుండె కొసన నల్లగా ఉందా, లేదా?"

"ఉంది."

"కూర్చోబెట్టి తీసినా, పరుగెత్తించి తీసినా ఉందా?"

"ఉంది. అందుకే..."

"అందుకే అక్కడ కండ చచ్చిపోయిందంటున్నా. ఎప్పుడో గుండెపోటు వచ్చి పోయింది. నాకే పాఠం చెప్తావా?"

"చచ్చిన కండ కొట్టుకుంటుందా ఎజే? ఎకోలో ఆ కొస చక్కగా కదులుతోంది. అక్కడ కండ ఎవరికైనా పుట్టుకతోనే పల్చన. మన కెమెరా చూపేమో మసక. ఫొటోలో వెలగడానికి నరంలోకి ఎక్కించిన మందు, పల్చటి చోట సరిగ్గా అందినా అందనట్టే కనిపిస్తుంది. తప్పు రక్తానిది కాదు, ఆకారానిది."

వరండాలోంచి ఇశెన్‌కుల్ గొంతు ఖంగుమంది. "డాక్టరమ్మా! ఊళ్లో గొర్రెలన్నీ వేసవి మేతకి కొండెక్కేశాయి. నావి ఇంకా దొడ్లోనే ఉన్నాయి. మీరిద్దరూ తేల్చేలోపు నా గుర్రం ముసల్దయిపోయేట్టుంది!"

"ఆగు బైకే!" అని సొంత అన్నని కసిరినట్టు కసిరి, బుర్మకాన్ కీయల్ వైపు తిరిగింది. "ఆ ఎత్తులో ఆయన గుర్రం మీంచి పడి చస్తే? వాళ్లావిడకి ఆకారం అని చెప్తావా?"

"కొండెక్కొద్దంటే గొర్రెలన్నీ అమ్ముకుంటాడు. అదీ చావే ఆయనకి."

బుర్మకాన్ తల పట్టుకుంది. దీనికి పెళ్లయినా చేస్తే పీడా వదిలిపోను అనుకుంది.

"పోనీ, ఇదొకటి చూడండి. పొద్దున తీశాను," అంటూ కీయల్ తెర మీద ఇంకో ఫొటో పెట్టింది.

బుర్మకాన్ కళ్లజోడు సవరించుకుంది. "అయ్యో, ఇది ఇంకా ఘోరం! కొస మొత్తం పోయింది. మనిషెక్కడ?"

"కింద, కెమెరా బల్ల మీద."

"ఇంతసేపూ చెప్పవేం? ఇంట్లోవాళ్లని పిలిపించు. ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు ఎజే."

"స్పృహ కూడా లేదా!"

బుర్మకాన్ పరుగులాంటి నడకతో మెట్లు దిగింది. ఒక్క చూపు చూసింది. దిగినంత వేగంగానే పైకెక్కి, వరండాలోనే అరిచింది: "పో బైకే, పో! గుర్రం ఎక్కు!"

ఇకమీదట ఎవరి గుండె ఫొటోలోనైనా కొసన నల్లమచ్చ కనిపిస్తే, కంగారు పడేముందు కెమెరా బల్ల మీది ఆ రెండో రోగిని ఒకసారి తలుచుకోండి: మందు అంతటా సమానంగా కలిపి, టీ గిన్నె ఆకారంలో, అడుగున మాత్రం పల్చగా ఒత్తిన పిండిముద్ద.