కొండాకు కషాయం

బోనులో ఎలుకలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"నిన్న బాగానే తిరిగేయి గదండి," అన్నాడు చంద్రమౌళి.

"రోజూ పట్టేం గదా, ఒంట్లో పేరుకుపోయుంటుంది," అన్నారు ల్యాబ్ పెద్ద జగదీశ్వరరావు గారు. "పక్క బోనులో ఉత్త నీళ్ళు తాగినవి గెంతుతున్నాయి చూడు. మీ అమ్మగారి కషాయమే చంపిందయ్యా. అన్నాళ్ళు తాగితే మనిషికైనా ఇంతే. ఇంట్లో ఎవరైనా తాగుతున్నారేటి?"

నాతవరం కొండల నుంచి అమ్మ తెప్పించే ఆకు అది. కడుపుతో ఉన్న కోడలికి రోజూ పొద్దున్నే గ్లాసుడు ఇవ్వడం వాళ్ళింటి ఆచారం. చుక్క నేలపాలైతే పుట్టబోయే బిడ్డకి అరిష్టమట. తన భార్య కుమారికి ఇప్పుడు ఏడో నెల. ఆ కషాయం మంచిదని ల్యాబ్ చేత అనిపిద్దామని ముచ్చటపడి ఆకు తెచ్చింది తనే.

పక్కింటికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మోపెడ్ ఎక్కాడు. తుమ్మపాల దారి పొడుగునా చెరకు బళ్ళే. హారన్ కొట్టి కొట్టి వేలు నొప్పెట్టింది. కుమారికి ఏమైనా అయితే? లోపలి బిడ్డకి? భయానికి కడుపులో మెలిపెట్టింది. దారి పక్కన ఆపి, పొద్దున తాగిన బెల్లం టీ అంతా కక్కుకుని, మళ్ళీ బండెక్కాడు.

గుమ్మంలో మరిడమ్మ బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, కషాయం ఇచ్చేసేవేటి?"

"ఎప్పుడో. గ్లాసు కాళీ సేసే ఇచ్చింది. ఏటిరా ఆ మొకం?"

వంటింట్లోకి పరుగెత్తి కుమారి చేతులు పట్టుకున్నాడు. ఏడుపు ఆగలేదు.

"నీకెలాగుంది? కళ్ళు తిరుగుతున్నాయా? పద, ఆస్పత్రికెల్దాం. ఆ కషాయానికి ఎలకలు సచ్చిపోయేయే."

కుమారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకేటీ అవదు. ఆ సేదు నాను తాగితే గదా."

చంద్రమౌళి గోడకి చేరబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. "పారబోసేసేవా? మంచి పని సేసేవు."

కుమారి మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి అతని నుదుటి మీద వేసి చూసింది.

"పారబోత్తే బిడ్డకి అరిష్టం గదా. బెల్లం గట్టిగా ఏసి, రోజూ మీ టీలో కలిపేత్తన్నాను."