లోహం మాది, పని నీది

సంతకానికి ముందు షరతులన్నీ ఇంకోసారి చదివించాడు సుధీర్. శిల్పి దేవేంద్రప్ప చేతులు కట్టుకుని విన్నాడు.

చనిపోయిన తండ్రి తిమ్మయ్యకు నిలువెత్తు ఇత్తడి విగ్రహం పోయించి, కమలాపురం దగ్గరి సొంత ఊళ్లో, తమ ఇంటి వాకిట్లోనే నిలబెట్టాలని సుధీర్ కోరిక. సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే మనిషి. ఎవరినీ నమ్మే రకం కాదు. శిల్పులు సీసం కలిపి మోసం చేస్తారని ఎవరో చెవిలో వేశారు. అందుకని లోహం తనే ఇస్తానన్నాడు. తండ్రి స్నానం చేసిన గంగాళాలు, నీళ్లు తాగిన చెంబులు, పెళ్లినాటి బిందెలు అన్నీ బయటికి తీయించాడు.

షరతులు ఇవీ: ఇచ్చిన లోహం ఎప్పటికీ సుధీర్‌దే. దేవేంద్రప్ప షెడ్డులో ఉన్నన్నాళ్లూ పోయినా, చెడినా పూచీ అతనిది. వేరే సరుకు కలపకూడదు, వేరే పనికి వాడకూడదు. కరిగించేటప్పుడు తరుగు ఒప్పుకున్నదానికి మించకూడదు. పోత చెడితే తన ఖర్చుతోనే మళ్లీ పోయాలి. మిగిలిన ముక్కలే కాదు, ఆకురాయి పెట్టినప్పుడు రాలిన పొడి కూడా ఊడ్చి తిరిగి ఇవ్వాలి.

"లోహం మాది, పని నీది. నీది అనేది ఏదీ మా నాయన విగ్రహంలో ఉండకూడదు. అర్థమైనాదా అప్పా?"

"అయినాది సార్," అని దేవేంద్రప్ప సంతకం పెట్టాడు.

ఎర్రగుంట్ల దారిలోని షెడ్డులో ఆ గంగాళాలు దిగిన రోజు, దేవేంద్రప్ప భార్య తనూజ వాటి వంక కూడా చూడలేదు.

"ఆ ఇంటి పని ఎట్ల ఒప్పుకుంటివి నువ్వు?" అంది.

సుధీర్‌కు తెలియని సంగతి ఆమెకు తెలుసు. దేవేంద్రప్ప తండ్రి ఒకప్పుడు తిమ్మయ్య రాళ్ల గనిలోనే కూలీ. బండ విరిగి మీద పడి చనిపోయాడు. శవాన్ని చూసేదానికైనా ఒకసారి రమ్మని అడగడానికి, ఊహ తెలిసిన కొడుకు దేవేంద్రప్పను వెంటబెట్టుకుని అతని భార్య గిడ్డమ్మ ఆ ఇంటికి పోయింది. తిమ్మయ్య అన్నం తింటున్నాడు. లేవకుండానే, జుట్టు పట్టి ఈడ్పించి ఆమెను వీధిలో పడేయించాడు. ఇంకోసారి మా వాకిలి తొక్కినావంటే ఊర్లో ఉండవు అన్నాడు. ఆమె ఊళ్లో ఉండలేదు. బిడ్డతో బయటపడి, ఊరూరా రాళ్ల పనికి పోయి కొడుకును సాకింది. ఇప్పుడు ఆ కొడుకు దగ్గరే ఉంటోంది.

ఆ వాకిట్లో జరిగింది ఊరు మర్చిపోయింది. తల్లి కూడా ఎప్పుడోగానీ ఎత్తదు. దేవేంద్రప్ప మాత్రం ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

"ఆయప్ప మొగం చేస్తాంటే నీకు చెయ్యి ఆడుతాదా?" అని అడిగింది తనూజ.

"శానా బాగా ఆడుతాది."

అతను అన్న తీరుకు ఆమెకు భయం వేసింది. లోహంలో ఏదో చేస్తాడనుకుంది. సుధీర్‌కూ అదే అనుమానం. కాపలాకు యేసుప్రసాద్ అనే తన సూపర్‌వైజరును కాటాతో సహా పంపాడు. అతను కొలిమి పక్కనే కుర్చీ వేసుకుని, చెంబు మూత లోపలికి పోయినా తూచి గానీ పోనివ్వలేదు.

తిమ్మయ్య ఫొటో ఒక్కటే దొరికింది, అదీ నడుము దాకే. మిగతాది నీకు తెలిసినట్టు చెయ్యమన్నాడు సుధీర్. మొహానికి దేవేంద్రప్ప ఆ ఫొటో కూడా పెద్దగా చూసుకోలేదు. ఇన్నేళ్లు పగతో తలుచుకున్న మొహం. నొసటి మీది మడతతో సహా దిగింది.

మట్టి నమూనా చూడడానికి తిమ్మయ్య భార్య రామసుబ్బమ్మ కొడుకుతో కలిసి వచ్చింది. బుగ్గలు తడిమి ఏడ్చింది. తడుముతూ తడుముతూ కిందికి వంగి మడమల దగ్గర ఆగింది.

"ఈ పగుళ్లేమి నాయనా? ఆయప్ప చెప్పుల్లేకుండా గడప దాటి ఎరగడు."

సుధీరే సర్దిచెప్పాడు.

"ఉండనీలే మా. మట్టిలో తిరిగిన మనిషని జనానికి తెలియల్ల."

పోత ఒక్క దెబ్బకే కుదిరింది. తరుగు ఒప్పుకున్నదానికన్నా తక్కువే పోయింది. మిగిలిన ముక్కలు, ఊడ్చిన పొడి మూటగట్టి యేసుప్రసాద్ చేతికిచ్చాడు దేవేంద్రప్ప. సుధీర్ అంతటితో ఊరుకోలేదు. విగ్రహం వీపు నుంచి పిసరంత తొలిపించి పరీక్షకు పంపాడు. అచ్చంగా తామిచ్చిన లోహమే అని తేలింది.

"నిన్ను అనుమానించినా. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు.

"నేనేమీ పెట్టుకోలేదు సార్."

తనూజకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత నిజాయితీగా చేసిచ్చేదానికేనా ఇన్నేళ్లు పండ్లు కొరికింది అని మొగుణ్ణి నిలదీసింది. అతను ఉతికిన చొక్కా వేసుకుని విగ్రహావిష్కరణకు బయలుదేరాడు.

వాకిలి నిండా జనం. ముసుగు తీయగానే, తిమ్మయ్య లేచొచ్చినట్టే ఉన్నాడని పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. రామసుబ్బమ్మ పాలతో పాదాలు కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. సుధీర్ సాష్టాంగపడి, నొసలు ఆనించి చాలాసేపు లేవలేదు. తర్వాత కోడళ్లు, మనవళ్లు, బంధువులు వరసకట్టారు. దేవేంద్రప్పకు శాలువా కప్పారు. చివరి మనిషి మొక్కి లేచేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు.

ఇంటికి వచ్చేసరికి గిడ్డమ్మ అరుగు మీద కూచుని ఉంది.

"ఎట్ల జరిగినాది నాయనా?" అని అడిగింది.

దేవేంద్రప్ప శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పి, పక్కన కూచున్నాడు.

"పోయిన ఎండాకాలం నీ కాళ్లకు తీసిన అచ్చులోనే ఆ పాదాలు పోసినా మా, ఆ ఇంటిల్లిపాదీ వంగి వాటికే మొక్కినారు."