దారం కొరికే వైపు

దర్జీ దారం కొరికాడు. తెల్లచొక్కా మీద చిన్న ఎర్రచుక్క పడింది.

"సూది గుచ్చుకుందండీ," అన్నాడు గబుక్కున, వేలు చప్పరిస్తూ.

ఎదురుగా నిలబడ్డ ఆవిడ వేలి వంక చూడలేదు. నోటి వంక చూసింది.

ముక్కు దగ్గర్నుంచి మెడదాకా స్కార్ఫు చుట్టుకుని వస్తుందావిడ. మాట ముద్దముద్దగా ఉంటుంది. ఎవరో, ఏం చేస్తుందో దర్జీ ఎన్నడూ అడగలేదు. ఎప్పుడొచ్చినా ఒకటే పని, వదులైన చొక్కాలు బిగించి కుట్టించుకోవడం.

"పోయినసారి దారం కుడివైపు కొరికారు. ఇప్పుడు ఎడమవైపు కొరుకుతున్నారు. ఎందుకని?"

దర్జీ వేలు నోట్లోంచి లాగేశాడు. కట్టుకున్న భార్యకే తెలియని సంగతి!

కత్తెర ముందే ఉన్నా దారం పంటితోనే కొరకడం తండ్రి దగ్గర పని నేర్చుకున్నప్పటి అలవాటు.

"ఏదో అలా మారిందండీ."

"ఊరికే మారదు. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందా? చిగుళ్లలో నెత్తురు వస్తోందా? నోట్లో పుండేమైనా ఉందా?"

ఉంది. కుడివైపు పన్ను అంచు విరిగింది. దాని పక్కనే నాలుక మీద పుండు. ఎన్నాళ్లైనా మానడం లేదు. రోజూ అద్దం ముందు నోరు తెరుస్తాడు, సరిగ్గా చూడకుండానే మూసేస్తాడు. పుండు కంటే, డాక్టరు దానికి ఏం పేరు పెడతాడోనన్న భయమే ఆయన్ని తినేస్తోంది.

"అబ్బే, ఏమీ లేదండీ. చొక్కాకి రేపు రండి."

"పళ్ల డాక్టరు దగ్గరికి మీరెప్పుడు వెళ్తారు?"

"రేపు వెళ్తా."

"దర్జీల రేపు నాకు తెలియదా?"

స్కార్ఫు వెనక నవ్విందో, మూలిగిందో అర్థం కాలేదు.

ఆనాటి నుంచి ఆవిడంటే బెదురు పట్టుకుంది. వీధి మలుపులో స్కార్ఫు కనబడితే చాలు, లోపలి గదిలో బట్టల తానుల వెనక నక్కేవాడు.

"లేనని చెప్పవే," అని భార్యను బతిమాలాడు. "ఆ మనిషి చూపే మంచిది కాదు."

భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆయన లేరండీ. చొక్కా ఇంకా..."

"చొక్కా సంగతి అలా ఉంచమ్మా." ఆవిడ ఆయాసంతో తలుపు పట్టుకుంది. "మీ ఆయన నోట్లో పుండు ఉందని నా అనుమానం. రెండు వారాలు దాటినా మానకపోతే ఇంట్లో దాచుకోకూడదు. నొప్పి లేదని ధైర్యంగా ఉండటం అసలే కూడదు. రెక్క పట్టుకునైనా తీసుకెళ్లు. నేను మళ్లీ రాలేనేమో."

తానుల వెనక దర్జీ ఇంకాస్త లోపలికి ముడుచుకున్నాడు.

భార్య లోపలికొచ్చింది. "ఏదీ, నోరు తెరవండి."

తెరవక తప్పలేదు.

"కూరలో కారం ఎక్కువైందని రోజూ నన్ను తిడుతున్నారే! ఇదా సంగతి?" అంటూనే ఏడ్చేసింది.

పళ్ల ఆస్పత్రిలో కుర్చీ వెనక్కి వాలగానే దర్జీ దాని చేతులు గట్టిగా పట్టుకున్నాడు. చిన్న వయసు డాక్టరమ్మ పుండు మీద పిసరంత తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా ఆయన మిషను తొక్కలేదు, ముద్ద మింగలేదు, భార్యతో కళ్లు కలపలేదు.

మళ్లీ అదే కుర్చీ.

"పుండు చెడిపోవడం అప్పుడే మొదలైందండీ," అంది డాక్టరమ్మ. దర్జీ కళ్లు మూసుకున్నాడు. "మొదట్లోనే వచ్చారు కాబట్టి ఆ కాస్త మేరా తీసేస్తే సరిపోతుంది. ఇంకొన్నాళ్లు నాన్చి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాను. ఎవరు పంపారు మిమ్మల్ని?"

దర్జీ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఒకావిడండీ. ముఖానికి స్కార్ఫు చుట్టుకుంటారు. నేను దొంగలా దాక్కున్నాను. ఆవిడ తెల్లచొక్కా మరక పోగొట్టి, ఇస్త్రీ చేసి ఉంచాను. ఒక్కసారి వస్తే కాళ్ల మీద పడదామని చూస్తున్నాను. రావడమే లేదు."

డాక్టరమ్మ చేతిలోని చిన్న అద్దం ట్రేలో పెట్టేసింది.

"ఇక రాదండీ. పోయిన వారమే కన్నుమూసింది."

"అయ్యో! మీకు తెలుసా ఆవిడ?"

"ఈ కుర్చీ పక్కన ఇన్నేళ్లూ నిలబడి ఊళ్లో అందరి నోళ్లూ చూసిన డాక్టరు, మా అమ్మ," అందా అమ్మాయి మెల్లగా, "తన నోట్లో పుండును మాత్రం రేపు చూపించుకుంటాలే అంటూ వచ్చింది."